పెరట్లో పాలిథిన్ పందిరి

హోసూరు నుంచి తళి వైపు గానీ, దెంకణికోట వైపు గానీ బస్సులో వెళ్ళినవారు రోడ్డుకు రెండు పక్కలా తెల్లటి గుడారాలను చూసే ఉంటారు. మొదటిసారి చూసినవాళ్ళు కోళ్ళ ఫారాలనుకుంటారు. అవి గులాబీ తోటలు. ఏటా ఫిబ్రవరి రెండోవారం కోసం ఇక్కడి ఎర్రగులాబీలు విమానాలెక్కి విదేశాలకు పోతాయి. వాటిని కాసే ఆ గుడారాలనే పాలీహౌసులంటారు. తమిళంలో పసుమైక్కుడిల్, కన్నడంలో హసిరుమనె, మన పుస్తకాలలో హరితగృహం. ఇంట్లో మాత్రం మా అమ్మ పెట్టిన పేరే వాడుకలో ఉంది: పాలిథిన్ పందిరి.

ఇనుప గొట్టాలతో కంపెనీవాళ్ళు వచ్చి కట్టే పాలీహౌసుకు లక్షలు కావాలి. అందుకే అది పెద్ద రైతుల వ్యవహారమని మనవాళ్ళు దాని జోలికి పోరు. అయితే పెరట్లో పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు జాగా ఉంటే, ఇద్దరు మనుషులు మూడు ఆదివారాలు కష్టపడితే, తొమ్మిది వేల రూపాయల లోపల ఒకటి నిలబెట్టవచ్చు. మేం 2023 జనవరిలో నిలబెట్టాం. అది నిలిచింది కనుకనే ఈ నాలుగు మాటలు రాసే ధైర్యం చేస్తున్నాను.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. "మనది ఎండల దేశం కదా, మొక్కలకు ఇంకా వేడి ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గాజు ఇళ్ళు పుట్టింది చలి దేశాలలో. లండన్‌లో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి, దాని పోలికలో బెంగళూరు లాల్‌బాగ్‌లో గాజు భవనం కట్టారు. దానికి 1889లో శంకుస్థాపన జరిగింది. కానీ లాల్‌బాగ్ భవనంలో పూల ప్రదర్శనలు జరుగుతాయి గానీ, చలికి వణికే మొక్కలను దాచే పని దానికి ఎన్నడూ పెద్దగా పడలేదు. మన దగ్గర పందిరి చేసే మేలు వేరు. వాన నేరుగా పూత మీద, లేత ఆకు మీద పడకుండా ఆపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు పడే వడగళ్ళను ఆపుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టూ వల కడితే పురుగును ఆపుతుంది. మనం కట్టేది గొడుగూ, దోమతెరా కలిసిన వస్తువు. వేడి దాని గుణం కాదు, దాని జబ్బు. ఆ జబ్బును ఎలా కుదర్చాలో తరువాత చెబుతాను.

నేను ఈ పనికి పూనుకోవడానికి కారణం గులాబీ కాదు, మిరపకాయ.

మాది తళి దగ్గర పల్లె. 1994లో ఉన్న కాస్త భూమి అమ్మేసి హోసూరు చేరాం. ఆనాడు అమ్మ వెంట తెచ్చుకున్న వాటిలో ఒక పాతగుడ్డ మూట ఉంది. అందులో మిరప విత్తనాలు. కాయ పొట్టిగా, లావుగా, తొడిమ దగ్గర ముడత పడి ఉంటుంది. ఎండబెడితే నలుపు తిరిగిన ఎరుపు. దానికి మా పల్లెలో పేరు లేదు, "మన మిరప" అంతే. దాదాపు ముప్పై ఏళ్ళు అమ్మ ప్రతి సంవత్సరం పెరట్లో నాలుగు సాళ్ళు వేసి విత్తనం మార్చుకుంటూ వచ్చింది. మా ఇంటి ఊరగాయ, చట్నీపొడి, చారు అన్నీ దాని మీదే.

2022 వానాకాలంలో నలభై మొక్కలు నాటితే సెప్టెంబరుకల్లా అన్నీ ముడుచుకుపోయాయి. ఒక్క పండుకాయ చేతికి రాలేదు. మిరపలో ముడత మూడు రకాలు. ఆకు పైకి దోనెలా ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే తెల్లనల్లి, చిన్నాకులు గుబురుగా వచ్చి మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మాకు వచ్చింది మూడోది. దానికి మందు లేదు. దోమను రానీయకపోవడమే మందు. అమ్మ దగ్గర మిగిలింది 2020 నాటి విత్తనాల పొట్లం ఒకటి. లెక్కపెడితే అరవై గింజలు. మిరప విత్తనం రెండేళ్ళు దాటితే మొలక శక్తి పడిపోతుంది. ఆ అరవై కూడా పోతే ఇక ఆ మిరప భూమ్మీద లేనట్టే. ఎందుకంటే మా పల్లెలో మా పొలం ఉన్నచోట ఇప్పుడు లేఅవుటు ఉంది, చుట్టుపక్కల రైతులందరూ కంపెనీ హైబ్రిడ్ విత్తనానికి మారారు.

సరిగ్గా ఆ రోజులలోనే బెంగళూరులో ఉన్న మా తమ్ముడు వచ్చి, "అన్నా, పెరడు ఊరకే పడుంది, రెండు సింగిల్ రూములు వేస్తే ఫ్యాక్టరీ పిల్లలు అద్దెకు వస్తారు" అన్నాడు. వాడు చెప్పింది తప్పేమీ కాదు. హోసూరులో అద్దెలు అలా ఉన్నాయి. అమ్మ మాత్రం, "రెండేళ్ళు ఆగప్పా, తరువాత మీ ఇష్టం" అంది. ఆ రెండేళ్ళ గడువులో పుట్టింది ఈ పందిరి.

ఇక కట్టుబడి సంగతి. కొలతలు ముందే అనుకుంటే డబ్బు వృథా కాదు. వెడల్పు పది, పొడవు ఇరవై అడుగులు. ఒక్కో పొడవు వైపున నాలుగేసి అడుగుల ఎడంతో ఆరు స్తంభాలు, రెండు వైపులా పన్నెండు. తలుపుల కోసం, చివరల బిగింపు కోసం ఇంకో నాలుగు. మేం వాడినవి సరుగుడు కర్రలు, తమిళంలో సవుక్కు అంటారు, ఇల్లు కట్టేచోట సారువకు వాడేవి. ఒక్కొక్కటి ఆరున్నర అడుగులు. రెండడుగులు భూమిలో, నాలుగున్నర పైన. భూమిలోకి పోయే భాగానికి తారు పూయాలి, లేకపోతే చెదలు రెండేళ్ళలో తినేస్తాయి. అడుగున ఒక జానెడు అడ్డకర్ర మేకులతో కొట్టి పూడిస్తే గాలి పైకి లాగినా కర్ర ఊడి రాదు. ఈ చిట్కా మాకు చెప్పినవాడు పెళ్ళి పందిళ్ళు వేసే ఆయన. పని మధ్యలో ఆయన అన్న మాట ఇది: "అయ్యవారూ, పెళ్ళి పందిరి మూడు రోజులు నిలిస్తే చాల. ఇది మూడేండ్లు నిలవాల. గాలిని ఆపాలని చూడొద్దండి, పోయేదానికి దావ ఇయ్యండి."

స్తంభాల మీద కమానులు రావాలి. దానికి నీళ్ళకు వాడే నల్లటి హెచ్.డి.పి.ఇ. పైపు, 32 మిల్లీమీటర్లది తీసుకున్నాం. పది అడుగుల వెడల్పు మీద అర్ధచంద్రాకారంగా వంచితే పైపు సుమారు పదహారు అడుగులు పడుతుంది. రెండు వైపులా స్తంభానికి కట్టడానికి అడుగున్నర చొప్పున కలిపితే పందొమ్మిది. ఆరు కమానులకు 114 అడుగులు. మధ్యలో ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు వస్తుంది. ఈ ఎత్తు మీద పిసినారితనం పనికిరాదు. వేడిగాలి పైకి పోతుంది గనుక, పైన ఖాళీ ఉంటే కింద మొక్క బతుకుతుంది. వంగి నడవాల్సిన పందిరిలో మొక్కా ఉడుకుతుంది, మనిషీ ఉడుకుతాడు. కమానుల కింద నడిమధ్యన ఇరవై అడుగుల వెదురు ఒకటి పొడవునా కట్టాలి. నాలుగు మూలలా ఏటవాలు కర్రలు బిగించాలి. ఆ ఏటవాలు కర్రలు లేని పందిరి మొదటి ఆషాఢ గాలికే ఒరిగిపోతుంది.

తెల్లటి పి.వి.సి. పైపు చవకగా దొరుకుతుంది కదా అని కొందరు దానితో కమానులు చేస్తారు. అది వద్దు. ఎండకు పెళుసెక్కడమే కాదు, పి.వి.సి. తగిలినచోట పాలిథిన్ కూడా త్వరగా చెడుతుంది. నల్ల పైపుకూ ఒక దోషం ఉంది. మధ్యాహ్నం బాగా కాగి, తనమీద ఉన్న పాలిథిన్‌ను కాలుస్తుంది. అందుకని మా నాన్నగారి పాత పంచెలు పీలికలుగా చింపి ప్రతి కమానుకూ చుట్టాం. ఖర్చు లేని పని.

పాలిథిన్ కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మామూలు పాలిథిన్ ఒక్క వేసవిలో పొడిపొడిగా రాలిపోతుంది. మా వీధిలో ఒకాయనకు దుకాణదారు యు.వి. షీటేనని చెప్పి మామూలుది అంటగడితే, ఉగాదికి కప్పినది శ్రావణమాసానికి చిరుగుల మూటైంది. మనకు కావలసింది సూర్యుని అతినీలలోహిత కిరణాలను తట్టుకునే 200 మైక్రాన్ల షీటు. దుకాణాల భాషలో 800 గేజి. ఇది 5.5 మీటర్ల వెడల్పులో దొరుకుతుంది, అంటే పద్దెనిమిది అడుగులు. కమాను పదహారు, రెండు పక్కలా అడుగేసి జారుడు, సరిగ్గా సరిపోయింది. పొడవు ఏడు మీటర్లు తీసుకున్నాం. మందం సరైనదో కాదో తెలుసుకోవడానికి తక్కెడే సాక్షి. 200 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు దాదాపు 185 గ్రాములు తూగుతుంది. మా ముక్క 38.5 చదరపు మీటర్లు, ఏడు కిలోల పైచిలుకు తూగాలి. అదే ముక్క ఐదు కిలోలే తూగితే దుకాణం మార్చండి. ఇంకొక మాట. గులాబీ తోటలవాళ్ళు తీసేసిన పాత షీటు పాత సామాను కొట్లలో చవకగా వస్తుంది. దాని ఆయుష్షు అప్పటికే అయిపోయి ఉంటుంది. పేడకుప్ప కప్పడానికి తప్ప కొనకండి.

పక్కలకూ, రెండు చివరలకూ వల. నీడవల కాదు, పురుగువల. 40 మెష్ అని అడగాలి. తెల్లదోమ అందులో దూరలేదు. తామర పురుగు అంతకంటే సన్నం, అది కొంతవరకు దూరుతుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. అంచులు మట్టిలో పూడ్చడానికి, కుట్టుకు కలుపుకొని 40 చదరపు మీటర్లు పట్టింది. చివరల అర్ధచంద్రాకారపు ముక్కలు మెషిను మీద కుట్టడానికి దర్జీ ఒప్పుకోలేదు. ఎనభై దాటిన మా అమ్మ దబ్బనం, నైలాను దారం తీసుకొని రెండు మధ్యాహ్నాలలో కుట్టేసింది. తలుపు దగ్గర ఒక తెర సరిపోదు, అడుగు ఎడంలో రెండు తెరలుండాలి. ఒకటి మూసుకున్నాకే రెండోది తీయాలి. లేకపోతే మనతోపాటే దోమా లోపలికొస్తుంది.

షీటును గాలి లేని పూట, కాస్త ఎండ ఎక్కాక కప్పాలి. చలిలో బిగిస్తే మధ్యాహ్నానికి వదులై గాలికి కొట్టుకుంటుంది. షీటును చింపేది గాలి బలం కాదు, ఆ కొట్టుకోవడం. అంచులను చీల్చిన వెదురు బద్దలకు చుట్టి తాడుతో స్తంభాలకు కట్టాం. ఒక్క మేకు కొట్టలేదు, మేకు రంధ్రం నుంచే చిరుగు మొదలవుతుంది. రెండు కమానుల మధ్య షీటు మీదుగా తాడు వేసి, రెండు వైపులా గుంజలకు బిగించాం. మా పెరడు తూర్పు పడమరలుగా పొడవు. అందువల్ల వానాకాలపు పడమటి గాలికి పందిరి ఇరుకు వైపే ఎదురవుతుంది. ఇది మా ప్రయోజకత్వం కాదు, స్థలం అలా కలిసొచ్చింది.

వేడి గురించి చెబుతానన్నాను. పందిరిలో వేడి నిలవడానికి ముఖ్య కారణం లోపలి గాలి బయటికి పోలేకపోవడం. 1909లో ఆర్.డబ్ల్యు. వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త గాజుతో ఒక పెట్టె, ఉప్పురాతి పలకతో ఒక పెట్టె చేసి ఎండలో పెట్టి చూశాడు. ఉప్పురాయి వేడి కిరణాలను బయటికి పోనిస్తుంది, గాజు పోనీయదు. అయినా రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా కాగాయి. గాలి కదలకపోవడమే అసలు సంగతని తేల్చాడు. పందిళ్ళు వేసే ఆయన చదువుకోకుండానే చెప్పిందీ అదే! మా పందిరిలో ఏప్రిల్ మధ్యాహ్నం బయట 34 డిగ్రీలుంటే, పక్కలు కప్పేసి చూస్తే లోపల 46కు పోయింది. కప్పు తీసి వలలు మాత్రమే ఉంచితే 38. షీటు పైన సుద్దపొడిని పలచని మైదా గంజిలో కలిపి పూస్తే 35కు దిగింది. ఆ పూత జూన్ వానలకు దానంతటదే కడుక్కుపోతుంది. మిరప, టమేటా పూత 35 దాటితే రాలుతుంది గనుక ఈ మూడు డిగ్రీలు కాయకూ, ఉత్త ఆకుకూ మధ్య తేడా.

రాత్రి చలికి మాత్రం ఒంటిపొర పాలిథిన్ పెద్ద అడ్డు కాదు. జనవరి తెల్లవారుజామున బయటా లోపలా దాదాపు ఒకటే. మిరప గింజ మొలవడానికి వెచ్చదనం కావాలి. అందుకని అమ్మ ఆ నెలంతా గింజలు వేసిన ట్రేలను పగలు పందిరిలో ఉంచి, రాత్రి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టేది. అరవై గింజలలో మొలిచినవి పందొమ్మిది. పన్నెండో రోజు దాకా ఒక్కటీ తల ఎత్తలేదు. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో ఆ విషయం ఎవరమూ ఎత్తలేదు.

లోపల సేద్యం బయటి సేద్యం కాదు. వాన పడదు గనుక ప్రతి చుక్కా మనమే పోయాలి. మా బోరు నీళ్ళు ఉప్పదనం గలవి. వానకు కడుక్కుపోని ఉప్పు మడిలో పేరుకుంటుంది, మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తుంది. పురుగు లోపలికి రాదు నిజమే, కానీ పురుగును తినే పురుగూ రాదు. ఎలాగో ఒక ఎర్రనల్లి చేరితే దానికి అది అత్తారిల్లు. వారానికి రెండుసార్లు ఆకు అడుగు తిప్పి చూడాలి. పసుపు రంగు వేసిన డబ్బా మూతలకు ఆముదం పూసి వేలాడదీశాం. దూరిన దోమ ఏదైనా ఉంటే వాటికి అంటుకుంటుంది. గంధకం మందులు లోపల చల్లకండి, పాలిథిన్‌కు చేటు.

తేనెటీగలు రావు కాబట్టి ఏది వేయాలో ఆలోచించి వేయాలి. మిరప, టమేటా, వంగ తమ పుప్పొడితో తామే కాస్తాయి. పొద్దున మొక్కను చిన్నగా తడితే చాలు. బీర, పొట్ల అలా కాదు. వాటికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. సాయంత్రం పూలు విచ్చుకున్నాక మగపువ్వు కోసి ఆడపువ్వుకు రాయాలి. మా కోడలికి ఆ పని సరదా, నాకు విసుగు. మెంతికూర, కొత్తిమీర ఆషాఢ శ్రావణాలలో బయట కుళ్ళిపోయే రోజులలో లోపల కళకళలాడతాయి. నన్నడిగితే పందిరి పెట్టుబడి కొత్తిమీరలోనే తీరుతుంది.

మిరపకు వల ఇంకో మేలు చేసింది. మిరప పూలకు తేనెటీగలు పక్కింటి హైబ్రిడ్ పుప్పొడి తెస్తాయి. రెండు మూడేళ్ళలో కాయ వంశం మారిపోతుంది. గత కొన్నేళ్ళుగా మా కాయలు కొన్ని సన్నగా, పొడుగ్గా వస్తున్నాయని అమ్మ గొణుగుతూనే ఉండేది. వల లోపల ఆ బెడద లేదు. పందొమ్మిది మొక్కలలో పొట్టికాయ వచ్చినవే ఉంచి, తేడాగా ఉన్న నాలుగు పీకేసింది. నాకు ప్రాణం ఒప్పలేదు. ఆమె మాత్రం వెనుకాడలేదు.

మొదట్లో అమ్మకు ఈ పందిరి మీద నమ్మకం లేదు. "ప్లాస్టిక్ కింద పెరిగినదానికి కారం ఎక్కడినుంచి వస్తుందిరా?" అనేది. మొదటి కోత తిని, "ముసలిదాని నాలిక్కే తెలుస్తోంది, సగం కారమే" అంది. కాయ ముదిరే రోజులలో నీళ్ళు తగ్గించాం. రెండో కోత తిని ఏమీ అనలేదు, ఇంకో కాయ కొరుక్కుంది.

ఇతర ఊళ్ళవారు దీన్ని ఉన్నదున్నట్టు కట్టకూడదు. షోలాపూరు, బళ్ళారి వంటి నలభై డిగ్రీల ఊళ్ళలో వేసవికి పాలిథిన్ అసలు వద్దు. అవే కమానుల మీద 50 శాతం నీడవల వేసి, వానలకు మాత్రం షీటు కప్పుకోవచ్చు. యానాం, బరంపురం వారికి తుఫాను లెక్క ముఖ్యం. 1996 నవంబరు 6 రాత్రిని యానాంలో, 2013 అక్టోబరు 12న వచ్చిన ఫైలిన్‌ను బరంపురంలో చూసినవారికి నేను చెప్పేదేముంది? అక్కడ ఎత్తు తగ్గించి, షీటును అరగంటలో విప్పి చుట్టేసేలా తాళ్ళతో మాత్రమే కట్టాలి. కమానులు మిగిలితే చాలు, షీటు మళ్ళీ వేసుకోవచ్చు. బెంగళూరు, కోలారు వారికి మా లెక్కలే సరిపోతాయి.

2023 జూలైకి ముప్పై పండుకాయల విత్తనం తీశాం. ఒక్కో కాయలో అరవైకి తక్కువ లేవు. బూడిద కలిపి, వేపాకు వేసి, ఐదు పొట్లాలు కట్టింది అమ్మ. ఒకటి ఇంట్లో, మిగతా నాలుగు కోలారు, బళ్ళారి, మదనపల్లె, సేలంలలో చుట్టాల ఇళ్ళలో ఉన్నాయి. ఒకచోట పోయినా ఒకచోట ఉంటుందని. సేలంలో నిరుడు బాగా కాసిందట. బళ్ళారిలో మొలవలేదన్నారు, మళ్ళీ పంపాం.

తమ్ముడికి ఇచ్చిన రెండేళ్ళ గడువు దాటింది. రూముల మాట ఇంకా తేలలేదు. వాడు మొన్న వచ్చి టేపు పెట్టి పెరడు కొలిచాడు, పోతూ పోతూ తన మిద్దె మీదికి పది నారు మొక్కలు పట్టుకుపోయాడు.

షీటు ఆయుష్షు మూడేళ్ళు. 2025 దసరాకు మాది పసుపు తిరిగి, పడమటి అంచున గరగరమనసాగింది. తీసేసి, వలలు మాత్రం ఉంచి, నెల రోజులు మడులను వానకు వదిలేశాం. పేరుకున్న ఉప్పంతా దిగిపోయింది. కార్తీకంలో కొత్త షీటు తెచ్చాను. ఏడు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. సరుగుడు కర్రలు రెండు మాత్రం మార్చవలసి వచ్చింది, తారు పూసిన చోట కాదు, దానికి ఒక బెత్తెడు పైన.